క్షేమంగా చేరిన రేడియోగ్రామ్

ఆదివారం పొద్దున్నే రేడియోగ్రామ్‌ని పెట్టెలో సర్దేసి, భోజనాల వేళకి లారీ ఎక్కించేసి, ఆపైన హాయిగా ఓ కునుకు తీయాలన్నది కొర్రీగారి పథకం. పథకంలో లోపమేమీ లేదు. ఉంటే ముందు ఆయనకే దొరికేది. పరాయివాళ్ళ పథకాల్లో లోపాలు వెతకడానికే ఒక సరుకు రవాణా కంపెనీ ఆయనకి జీతమిస్తోంది.

దారిలో పగిలిన సామాన్లకి నష్టపరిహారం అడుగుతూ వచ్చే క్లెయిములన్నీ ఆయన బల్ల మీదికే వస్తాయి. వచ్చినవాటిలో చాలామటుకు ఏదో ఒక కొర్రీతో వెనక్కి వెళ్తాయి. లోపల మెత్త చాల్లేదు. పెట్టెకీ వస్తువుకీ మధ్య ఖాళీ ఉంది. ప్యాకింగు పారేశారు కాబట్టి పరిశీలన కుదరదు. "భూకంపం వచ్చినా మీరు ప్యాకింగు లోపమే అంటారు" అని ఒక అద్దాల వ్యాపారి దణ్ణం పెట్టి మరీ వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాలేదు.

అలాంటి మనిషి సొంత వస్తువు పంపాల్సి వచ్చింది. అదీ అక్కకి.

వస్తువు నాన్నది. టేకు పెట్టె. మూత ఎత్తితే రికార్డు తిరిగే బరువైన పళ్ళెం, ముందువైపు రేడియో, వెనక చెక్క విప్పితే దీపాల్లా వెలిగే గాజు వాల్వులు. ఇద్దరు మోస్తే ముగ్గురికి నడుం పట్టేస్తుంది. ఆదివారం ఉదయాలు నాన్న గడ్డానికి సబ్బు రాసుకుంటూ దాన్ని ఆన్ చేసేవాడు. పాట వెంటనే వచ్చేది కాదు. వాల్వులు వేడెక్కాలి. ఆ వేడికి లోపలి దుమ్మూ, లక్కా, పాత చెక్కా కలిసి ఒక వాసన వచ్చేది. అక్కా తనూ నేల మీద బోర్లా పడుకుని, వెనక చెక్కకున్న చిల్లుల్లోంచి ఆ ఎర్రటి వెలుగు చూస్తూ ఉండేవాళ్ళు. ఎదురుచూడ్డమే సగం పాట.

నాన్న పోయాక పెట్టె కొర్రీగారింటికి చేరింది. "ఒక్క ఏడాది నా దగ్గర ఉంచరా" అంది అక్క. "అంత బరువు, లోపలంతా గాజు. దారిలో పగులుతుందక్కా. నేను రోజూ చూస్తున్నాగా" అన్నారు ఈయన. "పగులుతుందని కాదు, ఇవ్వబుద్ధి కావట్లేదని చెప్పు" అంది అక్క. ఆ మాటతో ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. ఏళ్ళ తరబడి కబుర్లన్నీ బావకీ ఈయన భార్యకీ మధ్యే నడిచాయి. మొన్న అటునుంచి ఒక కబురొచ్చింది. "నా చెవులు పనిచేస్తుండగానే పంపుతాడేమో కనుక్కో. ఎడమ చెవి మీద డాక్టరు ఇప్పటికే ఆశ వదిలేశాడు."

ఇక పంపాల్సిందేనని కొర్రీగారు నిర్ణయించుకున్నారు. గీత కూడా పడకుండా చేర్చాలి. పగిలిందా, అక్క అన్న మాటే నిజమైపోతుంది. ఇష్టం లేక పాడుచేసి పంపాడంటుంది. ఇక ఈ జన్మకి మాటల్లేవు.

అందుకని తను తిప్పి పంపిన క్లెయిములన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటూ ప్యాకింగు మొదలుపెట్టారు. పళ్ళెం ఊడి లోపల దొర్లిన కేసు గుర్తొచ్చింది. పళ్ళెం తీసి, గోనె చుట్టి, పెట్టె అడుగు అరలో పెట్టారు. మోటారు ఊగి తెగిపోయిన కేసు గుర్తొచ్చింది. దాన్ని కదలకుండా పట్టే మరలు బిగించారు. ఇక వాల్వులు పగిలిన కేసులకైతే లెక్కే లేదు. ఒక్కొక్కటీ పీకి, ఒక్కొక్క సాక్సులో దూర్చి, ఆ సాక్సుల్ని పాత దిండు దూదిలోకి నెట్టి, దిండు మళ్ళీ కుట్టేశారు. ఆ దిండుని రేడియోగ్రామ్ పొట్టకి ఆనించారు. పెట్టెలో పెట్టె, దాని చుట్టూ చెక్క చట్రం.

"నన్ను పుట్టింటికి పంపేటప్పుడు సంచికి జిప్పు కూడా వేయరు మీరు," అంది భార్య.

"ఆ సంగతి తర్వాత. మీ వదినకి మూడు విషయాలు చెప్పు. పళ్ళెం అడుగు అరలో ఉంది. వాల్వులు దిండులో ఉన్నాయి. మోటారు మరలు వదులు చేశాకే కరెంటు పెట్టాలి."

"ఆవిడ మీ అక్క. ఫోను మీ చేతిలోనే ఉంది."

"నువ్వు చెబితే బాగుంటుందే."

మూడు విషయాలూ క్షేమంగానే బయల్దేరాయి. కానీ భార్యకి మూడూ ఒక్కలాగే వినిపించాయి. "అన్నయ్యా, విడి సామాన్లు కూడా ఉన్నాయిట, చూసుకుని విప్పమన్నారు" అంది ఫోనులో. బావ అప్పుడు మేడ మీద నీళ్ళ పంపుతో కుస్తీ పడుతున్నాడు. కిందికి దిగేసరికి అది "జాగ్రత్తగా విప్పమన్నాడు మీ తమ్ముడు" అయింది. "పెట్టె విప్పడం కూడా వాడే నేర్పాలా నాకు" అంది అక్క. దాంతో సమాచారం మొత్తం చేరిపోయింది.

తర్వాతి వారం కొర్రీగారి బల్ల మీదికి ఒక క్లెయిము వచ్చింది. ఆయన అలవాటుగా టీ తాగుతూ చదివారు. వస్తువు ప్రాణం లేకుండా చేరిందట. తిరిగే పళ్ళెం మాయమట. లోపలి దీపాలన్నీ ఎవరో కోసుకుపోయారట. కడుపు కోసి పంపిన మీ కంపెనీ వారికి జోహార్లు అని ఆఖర్న ఒక ముక్క. 'ముందు ప్యాకింగు చేసిన అసమర్థుడెవరో తెలపండి' అని రాద్దామని ఎర్ర కలం మూత తీశారు. అప్పుడు పంపినవారి పేరు కనిపించింది. టీ చల్లారిపోయింది.

మేనేజరు ఫైలు చూసి తల పట్టుకున్నాడు. "పంపింది మీరు. అందుకుంది మీ అక్కగారు. మోసింది మనం. తేల్చేది కూడా మీరే అయితే ఇంక కోర్టులెందుకండీ? మీ శిష్యురాల్ని పంపుతాను. మీరు పక్కనే ఉండి ఆవిడడిగినదానికి జవాబు చెప్పండి."

శిష్యురాలంటే కొర్రీగారి దగ్గరే పని నేర్చుకున్న ఇన్‌స్పెక్టరమ్మ. గురువుగారి పాఠాల్లో అక్షరం కూడా మర్చిపోలేదు. బస్సు కదలగానే మొదలుపెట్టింది.

"సార్, ప్యాకింగు చేసిందెవరు?"

"నేనేనమ్మా. నీకు తెలుసుగా."

"మనకి తెలిసింది పనికిరాదు, అవతలివాళ్ళ నోట వచ్చిందే రాయాలని మీరే చెప్పారు. ఈ పనిలో అనుభవం ఉందా?"

"ఉద్యోగంలో చేరిందగ్గర్నుంచీ తప్పులు పడుతూనే ఉన్నాను."

"పట్టడం కాదు సార్. చేయడం."

కొర్రీగారు కిటికీలోంచి బయటికి చూశారు. "ఇదే మొదటిది."

"లోపల ఏమేం ఉన్నాయో అందుకునేవాళ్ళకి నేరుగా చెప్పారా?"

బయట చూడ్డానికేమీ లేదు. అయినా ఆయన చాలాసేపు చూశారు.

అక్క తలుపు తీసింది. జుట్టు తెల్లబడింది. కుడి చెవి ముందుకి పెట్టి వినడం అలవాటైంది. చెవి సంగతి కబురులో విన్నదే, జుట్టు సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరూ కొర్రీగారికి చెప్పలేదు. హాల్లో గోడవార రేడియోగ్రామ్, మూత తెరిచి, కళ్ళు తేలేసినట్టుంది.

"కూర్చోమ్మా," అంది అక్క ఇన్‌స్పెక్టరమ్మతో. "నీతో వచ్చినాయనకి దాహమేస్తే నీళ్ళు బల్ల మీదే ఉన్నాయని చెప్పు."

"దాహం లేదని చెప్పమ్మా," అన్నారు కొర్రీగారు. "పెట్టె అడుగు అర చూశారేమో అడుగు."

"చూశామని చెప్పు. ఒక పనికిమాలిన ఇనప మూత తప్ప ఏం లేదు."

"ఆ ఇనప మూత ఎక్కడుందో అడుగు."

అటూ ఇటూ తల తిప్పలేక ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీని ఇద్దరి మధ్యకి జరుపుకుంది. బావ గొంతు సవరించుకున్నాడు. "మేడ మీద నీళ్ళ డ్రమ్ము మూత గాలికి ఎగిరిపోతోంది బావమరిదీ. అది బరువుగా, గుండ్రంగా కుదిరిందని..."

"పళ్ళెం దొరికింది," అని ఇన్‌స్పెక్టరమ్మ రాసుకుంది. "ప్యాకింగు దాచారాండీ?"

"చెత్తంతా ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకోను? పారేశాం."

"దిండు?" అన్నారు కొర్రీగారు.

"ఆ పాత దిండా? పక్కింటి దొరకిచ్చేశాం."

దొరంటే పక్కింటి డ్రిల్ మాస్టారి కుక్క. నలుగురూ వెళ్ళేసరికి వరండాలో దిండు మీద, గద్దెనెక్కినట్టు పడుకుని ఉంది. దూడంత ఉంది. కొర్రీగారు చెయ్యి చాపారు. దొర లేవలేదు గానీ పళ్ళు చూపించింది.

"ఆ దిండు లేకపోతే వాడికి నిద్ర పట్టదండీ," అన్నాడు డ్రిల్ మాస్టారు. "అయినా ఇచ్చింది వెనక్కి అడగడం ఏం పద్ధతి? ఎవరి దగ్గరున్నది వాళ్ళు ఉంచేసుకుంటే గొడవే ఉండదు కదా."

ఆ మాటకి అక్క తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు కుక్క వైపు చూశారు.

బావ బిస్కట్లు తెచ్చాడు. దొర పడుకునే తినేసింది. డ్రిల్ మాస్టారు ఈల ఊదాడు. ఇన్‌స్పెక్టరమ్మ ఉలిక్కిపడింది తప్ప దొర కదల్లేదు. ఆఖరికి కొర్రీగారు ఒంటి మీది కొత్త ఉన్ని కోటు విప్పి, పక్కనే మడత పెట్టి పరిచారు. దొర వాసన చూసింది. కాసేపు ఆలోచించింది. లేచి కోటు మీదికి మారింది.

దిండు విప్పారు. సాక్సు తర్వాత సాక్సు బయటికొచ్చింది. ఒక్క వాల్వూ పగల్లేదు. ఇన్‌స్పెక్టరమ్మ ప్రతిదాన్నీ వెలుతురుకి పెట్టి చూసింది. "దూడంత కుక్క వారం రోజులు పొర్లినా పగల్లేదంటే ప్యాకింగుకి వంక పెట్టలేను సార్," అంది, కొంచెం నిరాశగా.

కొర్రీగారు వాల్వుల కాళ్ళు సాక్సుతో తుడిచి, ఒక్కొక్కటీ వాటి గూళ్ళలో గట్టిగా కూర్చోబెట్టారు. మరలు వదులు చేశారు. పళ్ళెం కడిగి, ఆరబెట్టి ఎక్కించారు. అప్పుడు అక్క లోపలికెళ్ళి రికార్డుల పెట్టె తెచ్చింది. నాన్న రికార్డులన్నీ ఆవిడ దగ్గరే ఉండిపోయాయి. పాటలు అక్కింట్లో, పాడే పెట్టె తమ్ముడింట్లో. ఇన్నేళ్ళూ ఇద్దరికీ పాట లేదు.

నాన్న ఆదివారాలు వేసే రికార్డునే ఏరి ఇచ్చింది. ఆయన స్విచ్ వేశారు. వెనక చిల్లుల్లో నెమ్మదిగా ఎర్రటి వెలుగు పుట్టింది. దుమ్మూ, లక్కా, పాత చెక్కా కలిసిన ఆ వాసన వచ్చింది. అక్క మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. కొర్రీగారూ పక్కన కూర్చున్నారు. బావ ఏదో అనబోతే ఇద్దరూ ఒకేసారి "ఉష్" అన్నారు.

పాట మొదలైంది. తేనె పోసినట్టు, ఎక్కడా చిన్న మరక లేకుండా. బావ కూడా తలాడించాడు. చరణం దగ్గరికొచ్చింది. అక్క కుడి చెయ్యి గాల్లోకి లేచి, అక్కడే ఆగిపోయింది. పక్కకి చూస్తే కొర్రీగారి చెయ్యీ గాల్లోనే ఉంది.

అక్క మొహం మారిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి నేరుగా తమ్ముడితో మాట్లాడింది.

"ఒరే. ఇది నాన్నది కాదు."

"అక్కా?"

"నాన్నది ఇక్కడికొచ్చేసరికి కరకరమనేది. కుడి డొక్కలో ఒక్కటేస్తే గానీ దారికొచ్చేది కాదు. నాన్న సబ్బు మొహంతో లోపల్నుంచి 'కుడివైపు, కుడివైపు' అని అరిచేవాడు. ఎవరు ముందు కొడితే వాళ్ళే రికార్డు తిప్పాలని మనం తన్నుకు చచ్చేవాళ్ళం. ఇదేంటి ఇంత బుద్ధిగా పాడుతోంది? అసలుది నీ దగ్గరే దాచుకుని, అలాంటిదే ఎక్కడో కొని పంపావు కదూ?"

పగిలితే ఏమంటుందోనని కొర్రీగారు భయపడ్డారు. బాగుంటే ఏమంటుందో ఊహించలేదు. టేకు గీతలు చూపించారు, నాన్న సిగరెట్టు మచ్చ చూపించారు. "మచ్చలెవరైనా పెట్టగలరు" అంది అక్క. కొర్రీలు ఏ రక్తంలోంచి వచ్చాయో ఇన్‌స్పెక్టరమ్మకి అప్పుడు అర్థమైంది.

చటుక్కున ఆయన పక్కనే పడి ఉన్న సాక్సు వైపు చూశారు. దాని మీద నల్లటి చారలు. వాల్వుల కాళ్ళకి ఇన్నేళ్ళుగా పట్టిన మసి. అదే కరకర. పీకి, తుడిచి, మళ్ళీ కూర్చోబెట్టడంతో వదిలిపోయింది. నాన్న జీవితాంతం డొక్కలో కొడుతూ గడిపేసిన రోగం అది.

"నేనే బాగుచేసేశానక్కా," అన్నారు ఆయన. ఉద్యోగంలో ఎవరి నోటా వినని నేరాంగీకారం అది. "తెలియక."

వెనక చెక్క తీసి, పాతగుడ్డ చుట్టుకుని, ఒక వాల్వుని వేళ్ళతో పట్టి రవ్వంత పైకి వదులు చేశారు. రికార్డు మళ్ళీ మొదట్నుంచి వేశారు. పల్లవి అయింది. చరణం వచ్చింది. కరకర మొదలైంది, గదంతా పకోడీలు వేగుతున్నట్టు. రెండు చేతులు ఒకేసారి లేచి, కుడి డొక్క మీద ఒకదానిమీదొకటి పడ్డాయి. పాట దారికొచ్చింది.

"నాదే ముందు," అంది అక్క.

"నాది కింద ఉందక్కా. కింద ఉన్నదే ముందు."

"అప్పుడూ ఇదే తొండి." అక్క నవ్వుతోందో ఏడుస్తోందో బావకి తెలియలేదు. చెయ్యి మాత్రం ఇద్దరూ తీయలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ కలం చేత్తో పట్టుకుని ఎటూ తోచక కూర్చుంది. "సార్, నేనేం రాయాలి? చేరిన వస్తువు బాగుంది, అదే అక్కగారి ఫిర్యాదు. తర్వాత పంపినాయనే నా కళ్ళెదురుగా పాడుచేశారు. ఇప్పుడు ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు."

"ఉన్నదున్నట్టు రాయి తల్లీ," అంది అక్క, రికార్డు రెండో వైపుకి తిప్పుతూ. "చెడిపోయాకే సరిగ్గా ఉందని రాయి."

బాగుపడటం వల్ల కలిగిన నష్టం అనే పద్దు కంపెనీలో లేనందువల్ల, ఆ క్లెయిము మేనేజరు బల్ల మీద ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.