రెండో అంతస్తు మీద గుంట మగ్గం

మడికొండలోని మానవీయ విజ్ఞాన పరిశోధనా సంస్థవారు ఈ ఏడాదికి తమ కార్యక్రమాలను, అవకాశాలను ప్రకటించారు. కార్యక్రమాలు సంస్థవి, అవకాశాలు ప్రజలవి. సదస్సులు పదకొండు, కార్యశాలలు ఏడు, ఆ కార్యశాలలు ఎందుకు జరిగాయో చర్చించే సదస్సు ఇంకొకటి. అవకాశాల కింద మాత్రం ఒకే ఒక్కటి ఉంది: మౌనజ్ఞాన ఫెలోషిప్. చేతులకు తెలిసి నోటితో చెప్పరాని విద్య గలవారు అర్హులు. దరఖాస్తులో ఆ విద్యను వెయ్యి పదాలకు తగ్గకుండా వివరించవలెను.

కాశిబుగ్గ రాజమౌళి ఆ వెయ్యి పదాలూ రాయలేదు. కూతురు మహిత రాసింది. రాజమౌళి గుంట మగ్గం మీద దుప్పట్లు నేస్తాడు. పరకాల వైపు పల్లెబడిలో ఏడో తరగతి దాకా చదివాడు. మాట తక్కువ మనిషి. పెళ్లిచూపులనాడు చెవిటి మూగవాడేమోనని అత్తగారివాళ్లు వెనక నుంచి పళ్లెం కిందపడేసి చూశారని వాడకట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు. పళ్లెం చప్పుడుకు ఆయన తిరిగి చూశాడు గానీ ఏమీ అనలేదు.

ఇంటర్వ్యూకు ఆయనతోపాటు అదే వీధి రామలింగం కూడా వెళ్లాడు. రామలింగం మాటకారి. మగ్గం గురించి నలభై నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఎంపిక సంఘం ఆయనను గౌరవంగా తిరస్కరించింది. ఆయన జ్ఞానమంతా బయటికి వచ్చేసిందనీ, లోపల పరిశోధించడానికి ఏమీ మిగల్లేదనీ దస్త్రంలో రాసుకున్నారు.

తరువాత రాజమౌళిని పిలిచి, "మీ దేహానికీ మగ్గానికీ మధ్య నిరంతరం సాగే సంభాషణను మీరు ఏ విధంగా సిద్ధాంతీకరిస్తారు?" అని అడిగారు. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ అడగమంటే బాగుండదని ఊరుకున్నాడు. గోడమీది ఏసీ నుంచి బొట్టు బొట్టుగా నీళ్లు కారుతుంటే చూస్తూ కూర్చున్నాడు. నాలుగు నిమిషాలు గడిచాయి. డైరెక్టర్ డాక్టర్ సదానందం గారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"ఇదే," అన్నారు. "ఇన్నేళ్లుగా మనం వెతుకుతున్నది ఇదే."

తాను ఏం చేశాడో రాజమౌళికి తెలియదు. కానీ చేసింది గొప్పపనే అని రూఢి అయింది. ఆ రోజు నుంచి తాను తెలివిగలవాడినేమోనన్న అనుమానం ఆయనకు పట్టుకుంది. ఈ వయసులో పట్టుకున్న జబ్బు ఒక పట్టాన వదలదు.

ఫెలోతోపాటు మగ్గం కూడా మూడు నెలలు సంస్థలో ఉండాలని నిబంధన. రాజమౌళి భార్య సమ్మమ్మ దానికి ఒక షరతు మీద ఒప్పుకుంది. మూడు నెలలు నిండిన మరునాడు మగ్గం ఇంట్లో ఉండాలి. చేనేత సంఘం హాస్టళ్ల కోసం రెండు వందల దుప్పట్లు నేసే పని ఒప్పజెప్పింది. ఆ మరునాడే ఒకటో తారీకు; ఆ రోజుకు నేత మొదలుపెట్టకపోతే పని వేరేవాళ్లకు పోతుంది. సమ్మమ్మ ఆలోపు కొత్త పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, తయారుచేసి, గంజి పెట్టి, చుట్టి సిద్ధంగా ఉంచుతానంది.

మగ్గాన్ని రెండో అంతస్తుకు ఎక్కించాక ఒక సాంకేతిక సమస్య ఎదురైంది. గుంట మగ్గానికి గుంట కావాలి. నేసేవాడి కాళ్లు అందులో ఉండాలి. నేల తవ్వితే రాజమౌళి కాళ్లు కింది అంతస్తు లైబ్రరీలో వేలాడతాయి. లైబ్రరీలో కాళ్లు వేలాడదీయరాదని లైబ్రేరియన్ లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. వెంటనే గుంట ఉపసంఘం ఏర్పడింది. అది అయిదుసార్లు సమావేశమై, తవ్వడానికి వీలులేనిచోట గుంటను పైకి కట్టవలెనని తీర్మానించింది. ఆ ప్రకారం చెక్కతో ఎత్తయిన అరుగు కట్టి, మధ్యలో బొక్క పెట్టి, నాలుగు మెట్లు వేశారు. పక్కన బోర్డు కూడా తగిలించారు: గుంటలో దిగుటకు ఎక్కవలెను.

రాజమౌళి ఎక్కి దిగాడు. దాని మీద రెండు పరిశోధనాపత్రాలు వెలువడ్డాయి.

మగ్గం మీద నేయడానికి పడుగు లేదు. ఇంటి దగ్గర చివరి దుప్పటి కోసి తీశాక, మూరెడు పాత పోగులు మాత్రం మిగిలి ఉన్నాయి. కాబట్టి ఆయన ఉత్తి మగ్గం ముందు కూర్చునేవాడు. అందరూ వచ్చి చూసేవారు. కాజీపేట రైల్వే క్వార్టర్స్ నుంచి కావ్య అనే పరిశోధక విద్యార్థిని రోజూ వచ్చి పక్కన కూర్చునేది. ఆమె అంశం 'చేతి జ్ఞాపకం'. మంచి పిల్ల. టిఫిన్‌లో ఆయనకు కూడా పులిహోర తెచ్చేది.

"కాకా, మీ నాయన మీకు నేత నేర్పినప్పుడు మీకేమనిపించింది?"

"ఊ."

"అంటే బాధా, సంతోషమా?"

"కాళ్లు గుంజినయి బిడ్డా."

కావ్య ఆ మాటను మూడు పేజీలు రాసుకుంది. రాజమౌళి ఆ రాత చూసి తన కాళ్ల వంక కొత్తగా చూసుకున్నాడు.

సమ్మమ్మ అప్పుడప్పుడు ఫోన్ చేసేది.

"మగ్గం ఎప్పుడొస్తది?"

"ఊ."

"ఊ అంటె ఏ తారీకు? నీ ఊ గాడ సార్లకు సమజయితదేమో, నాకు గాదు. పడుగు తయారైంది. జర యాదిలుంచుకో, ఎలుకలు గంజి వాసనకు తిరుగుతానయి."

ఇక్కడ చదువరులకు ఒక సంగతి మనవి చేయాలి. నేతగాడు మగ్గాన్ని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయడు. బట్ట కోసి తీసినా, దువ్వెనలాంటి పన్నె పళ్ల సందుల్లో పాత పోగుల కొనలు వేలాడుతూనే ఉంటాయి. కొత్త పడుగు వచ్చినప్పుడు ఒక్కో పాత కొనకు ఒక్కో కొత్త కొనను బూడిద అద్దిన వేళ్లతో మెలివేసి అతుకుతారు. అప్పుడు కొత్త పడుగు పాతదాని తోక పట్టుకొని తన దారిలో తాను నడిచి వస్తుంది. రాజమౌళి మగ్గంలో ఆ కొనలు ఆయన నాయన కాలం నుంచి తెగలేదు. తెగితే పద్దెనిమిది వందల పోగులను ఒక్కొక్కటిగా వరుస తప్పకుండా పన్నెలోకి మళ్లీ ఎక్కించాలి. ఆ పనికి ఇద్దరు కావాలి, పోగు అందించేవారికి చూపు బాగా ఆనాలి. కాశిబుగ్గలో అలా అందించే మొగిలయ్య ఇప్పుడు ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా ఉన్నాడు. కంటికి ఆపరేషన్ అయింది.

మూడో నెల చివర ప్రజాసందర్శన దినం వచ్చింది. ముందురోజు ప్రదర్శన విభాగంవారు మగ్గాన్ని శుభ్రం చేయ సంకల్పించారు. ఒక పెద్దమనిషి చేతికి తెల్ల తొడుగులు వేసుకొని, పన్నెకు వేలాడే పోగులను చూసి, "ఈ చెత్తేంటి?" అన్నారు. కత్తెర తెప్పించారు.

రాజమౌళి రెండడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. మాట గొంతుదాకా వచ్చింది. అయితే ఆయన ఇప్పుడు మామూలు మనిషి కాదు, మౌనజ్ఞాన ఫెలో. మూడు నెలలు నోరు విప్పకుండా సంపాదించుకున్న మర్యాద, పోగుల కోసం నోరు విప్పితే ఏమవుతుందోనని ఒక్క క్షణం సందేహించాడు. కత్తెరకు ఆ క్షణం చాలు. పద్దెనిమిది వందల కొనలు ఒక ప్లాస్టిక్ బకెట్‌లోకి వెళ్లాయి. తొడుగులాయన రాజమౌళి ముఖం చూసి, "బాగుంది కదండీ?" అన్నారు.

"ఊ," అన్నాడు రాజమౌళి.

మరునాడు సమ్మమ్మ ట్రాలీ ఆటో మాట్లాడుకొని మగ్గం కోసం వచ్చింది. హాలునిండా జనం. డైరెక్టర్ గారు ఉపన్యసిస్తున్నారు: "మిత్రులారా, మనం కోల్పోతున్నదేమిటో తెలుసుకోవడంలో మనం ఎవరికీ తీసిపోము!" చప్పట్లు మోగుతుండగా ఆమె అరుగు మెట్లెక్కి, పన్నె మీద చెయ్యి వేసింది. చెయ్యి నున్నగా జారిపోయింది.

"అయ్యో, పోగులేవి? ఏమయ్యా, పోగులేవి?"

రాజమౌళి తల వంచుకున్నాడు.

"ఎవలు కోసిండ్లు? నువ్వాడనే ఉన్నవా?"

"ఊ."

"కోస్తాంటె చూసుకుంట ఊకున్నవా? నీ నోట్లె ఏం బెట్టుకున్నవయ్యా? ఇంట్ల ఉప్పు తక్కువైతె అరగంట మూతి ముడుసుకుంటవ్, గిక్కడ నోరు రాలేదా? రేపు ఒకటో తారీకు. దుప్పట్లు నీ ఊ మీద నేస్తవా?"

వెనక వరుసలో ఎవరో రికార్డు చేయడం మొదలుపెట్టారు. డైరెక్టర్ గారు దీనిని మౌఖిక చరిత్రగా గుర్తించి, ఆమెకు మైకు ఇప్పించారు. సమ్మమ్మ మైకును పక్కన పెట్టింది.

అప్పుడు రాజమౌళి లేచి నిలబడ్డాడు. సంస్థలో ఆయన నోటి నుంచి మొదటిసారి వరుసగా నాలుగు మాటలు వచ్చాయి.

"తప్పు నాదే. అవి చెత్త గాదని నాకెరుకే. పెద్దమనిషిననిపిచ్చుకునేతందుకు ఊకున్న." వేలితో పన్నె పళ్లు తడిమాడు. "ఇప్పుడు మొదలువెడితె రేపటికల్లా ఎక్కియ్యొచ్చు. ఒకలు పోగు అందియ్యాలె, నేను గుంజుకుంట. మా ఇంటిదానికి కండ్లు ఆనయి. మహితకు రేపు పరీక్ష. జర కండ్లు మంచిగున్నోళ్లు ఎవలన్న వంతులవారీగ కూసుంటరా?"

ఆయన కావ్య వంక చూశాడు. కావ్య కళ్లనిండా నీళ్లున్నాయి.

"సోమవారం సబ్మిషన్ ఉంది కాకా," అంది. "మీ గురించే."

డైరెక్టర్ గారు మైకు అందుకుని, మౌనజ్ఞానం మాటగా మారిన ఈ చారిత్రక ఘట్టంతో ఫెలోషిప్ విజయవంతంగా ముగిసిందని ప్రకటించారు. మగ్గాన్ని ఆటోలోకి దించడానికి సంస్థ లిఫ్టు ఉచితంగా వాడుకోవచ్చన్నారు. "ఇంత గొప్ప విద్యకు చెయ్యి అందించే అవకాశం! ఎవరు ముందుకొస్తారు?" అని సభను అడిగారు.

నూటఅరవై చేతులు ఒక్కసారిగా లేచాయి. ప్రతి చేతిలోనూ ఫోను ఉంది.

సమ్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని, పోగులేని పన్నె ఒకవైపు పట్టుకుంది. రాజమౌళి రెండో వైపు పట్టుకొని, ఎందుకైనా మంచిదని మెడ కాస్త నిటారుగా పెట్టాడు. ఫొటో బాగా వచ్చింది.

సాయంత్రానికల్లా అది అన్ని గ్రూపుల్లోనూ తిరిగింది. మీకూ వచ్చే ఉంటుంది. చూసినవాళ్లంతా కింద దండం పెట్టే చేతుల బొమ్మ పెట్టారు. ఒక్కో బొమ్మకు రెండేసి చేతులు. పద్దెనిమిది వందల పోగులకు అవి సరిపోగా ఇంకా మిగిలేవి.

కూతురి ఫోన్‌లో చూసి, రాజమౌళి కూడా ఒకటి పెట్టాడు.