సరిచేసిన పిమ్మటే ఆడించవలెను

గాలిపేట ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాడు తలకు దెబ్బ తగిలి తప్పు సమాధానం చెబితే ఆటగాణ్ణి కూర్చోబెట్టరు, ఊరిని దిద్దుతారు. ఏడేళ్ళుగా ఇదే పద్ధతి. లీగు వాళ్ళు పంపిన నిబంధనల పుస్తకం తెలుగులో ఇలా ఉంది: "దెబ్బ తగిలిన ఆటగాణ్ణి వైద్యులు అయిదు ప్రశ్నలు అడుగవలెను. సమాధానము వాస్తవముతో సరిపోలనిచో, సరిచేసిన పిమ్మటే ఆడించవలెను." దేన్ని సరిచేయాలో అందులో లేదు. తలను సరిచేయాలంటే వారాలు పడుతుంది, ఒక్కోసారి ఎంతకీ సరికాదు. వాస్తవాన్నయితే విరామంలో పదిహేను నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. అందుకు సత్యమూర్తి అనే గుమస్తా కూడా ఉన్నాడు, పాపం, చాలా నెమ్మదస్థుడు.

మునుపు గోల్‌కీపరు ఒకడు ఆదివారం పూట "ఇవాళ మంగళవారం" అన్నాడు. ఆ వారం ఊళ్లో రెండు మంగళవారాలు వచ్చాయి. పిల్లలు ఆదివారం కూడా బడికి పోయారు, నియమం ఉన్నవాళ్ళు రెండుసార్లు నీచు మానేశారు. ఇంకొకడు సముద్రం పడమట ఉందన్నాడు. వేటకు పోయేవాళ్ళు నాలుగు రోజులు గొణిగి ఊరుకున్నారు. ఇప్పుడు పొద్దు నీళ్ళలోంచి పడమటే పొడుస్తోంది. దెబ్బ ఎంత పెద్దదో కూడా దీన్నిబట్టే కొలుస్తారు. ఒక గడియారం తిప్పితే సరిపోయేది స్వల్పం. వీధి పేరు మార్చాల్సి వస్తే మధ్యరకం. సముద్రం లాంటిది తీవ్రం, దానికి అధ్యక్షుడి సంతకం కావాలి. తలనొప్పి, వాంతి, వెలుతురు చూడలేకపోవడం రాసుకోవడానికి సత్యమూర్తి నింపే కాగితంలో గడి లేదు.

ఆ రోజు సెమీఫైనల్. ముప్పై ఎనిమిదో నిమిషంలో కార్నర్ కిక్‌కి ఎగిరిన డిఫెండరు ధనరాజు అవతలి జట్టువాడి నెత్తితో ఢీకొన్నాడు. రాతి మీద కొబ్బరికాయ కొట్టిన చప్పుడు గేటు దాకా వినబడింది. గేటు దగ్గర ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముకుంటున్న నూకాలమ్మ గంప అక్కడే వదిలేసి పరుగెత్తింది. పొద్దున వాడికి తల దువ్వి పంపింది ఆవిడే. ఇరవై ఆరేళ్ళవాడైనా మ్యాచ్ ఉన్న రోజు తల్లి చేతే దువ్వించుకుంటాడు.

విరామం మొదలైంది. గదిలో బల్ల మీద కూర్చున్న ధనరాజు దీపం వంక చూడలేక చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. డాక్టరు ప్రసూన ప్రశ్నలడిగింది. ఏ మైదానం, ఎవరితో ఆట, గోలు ఎవరు వేశారు, ఇది ఎన్నో సగం? నాలుగూ సరిగ్గానే చెప్పాడు. సత్యమూర్తి నాలుగు టిక్కులు పెట్టాడు.

"అయిదోది. పొద్దున నిన్ను ఇంటి దగ్గర ఎవరు పంపించారు?"

"ఎవరున్నారండీ పంపడానికి? మాయమ్మ నా ఎనిమిదో తరగతిలోనే పోయింది."

నూకాలమ్మ అప్పటికి వాడి మోకాళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. "ఏటిరా ధనా! నానేరా! ఇటు సూడు!"

ధనరాజు మర్యాదగా చూశాడు. సత్యమూర్తి గడియారం చూసుకుని ఒక ఫారం తీశాడు.

"ఒక్క మనిషే కదా, స్వల్పం కింద వస్తుంది. అధ్యక్షుల దాకా పోనక్కర్లేదు. అమ్మా, మీరు పోయినట్టు ఇక్కడో వేలిముద్ర వెయ్యాలి."

డాక్టరు నూకాలమ్మను పక్కకు లాగింది. "వెయ్యకండి. కాలు విరిగితే అందరికీ కనబడుతుంది. ఇది లోపలి వాపు. ఇది తగ్గకుండా ఇంకో దెబ్బ తగిలిందంటే మీవాడు లేవడు. ఇతను తప్పు చెప్పాడని మీరు గట్టిగా నిలబడితే చాలు, ఆపేస్తాను. నా మాట ఒక్కటే అయితే వీళ్ళు వినరు."

నూకాలమ్మకు ప్రాణం లేచి వచ్చింది. తను బతికి ఉంటే చాలు, కొడుకు బతుకుతాడు. ఇంత తేలికైన పని ఆవిడకు జన్మలో ఎవరూ చెప్పలేదు. సత్యమూర్తికి ఎదురుగా పోయి చీర కొంగు నడుముకు దోపింది.

"నాను బతికే ఉన్నాను బాబూ. ఊపిరి సూస్తావా, సెయ్యి గిల్లి సూస్తావా? నా కొడుకు తప్పు సెప్పినాడు. రాసుకో."

"రాసుకుంటానమ్మా, అభ్యంతరం రాయడానికే గదా ఉన్నాం." సత్యమూర్తి పేజీలు తిప్పాడు. "అభ్యంతరం చెప్పేవారు జీవించి ఉండవలెను, అని ఉంది. ఆటగాడి మాట ప్రకారం మీరు పోయి పదమూడేళ్ళయింది. ఆ మాట సరిచేసేవరకు దానికే చెల్లుబాటు."

"సరిచెయ్యమనే గదా అంతన్నాను!"

"అది బతికున్నవాళ్ళు అడగాలమ్మా."

"నీకు తల్లి లేదేటి?"

"ఉందమ్మా. పోయినేడాది మా కెప్టెన్ ఆవిణ్ణి అత్త అన్నాడు, అప్పట్నించీ అత్త." ఫారం తిరగేశాడు. "వేలిముద్ర పడనిచో దగ్గరి బంధువు సంతకం చాలునట."

ధనరాజు సంతకం పెట్టాడు. పేరు సరిగ్గానే రాశాడు. తర్వాత నూకాలమ్మ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏడవకండి అమ్మగారూ. మీవాళ్ళెవరో పోయారు కామోసు. మాయమ్మా ఇలాగే ఉండేది."

పుట్టి బుద్ధెరిగాక వాడు ఆవిణ్ణి మీరు అనడం అదే మొదలు.

రెండో సగానికి ఈల వేశారు. నూకాలమ్మ ఆటగాళ్ళ వెనకాలే మైదానం గీత దాకా పోయింది. కాపలావాళ్ళు ఆపలేదు, పోయినవాళ్ళను ఆపాలని వాళ్ళకెవరూ చెప్పలేదు. గోలు దగ్గర బంతి పైకి లేచినప్పుడల్లా "తల పెట్టకురా, కాలితో ఆడరా" అని అరిచింది. రెండుసార్లు బంతి వాడి నెత్తి మీంచి పోయింది. మూడోసారి వాడు ఎగిరాడు.

పడ్డవాడు చాలాసేపు కదల్లేదు. డాక్టరు గడ్డి మీద మోకరించి అయిదు ప్రశ్నలూ అడిగింది. ధనరాజు కళ్ళు తెరిచే ఉన్నాయి, పెదవి మాత్రం కదల్లేదు. సత్యమూర్తి పక్కన వంగి ఓపిగ్గా విని, "తప్పు సమాధానాలు: లేవు" అని రాసుకున్నాడు.

"ఇతను మాట్లాడటం లేదయ్యా!" అంది డాక్టరు.

"అందుకే మేడమ్, దిద్దాల్సిందేమీ లేదు."

ఇద్దరు చంకల కింద చేతులు వేసి వాణ్ణి లేపి, గోలు ముందు వాడి చోట్లో నిలబెట్టారు. కాస్త ఊగి నిలబడ్డాడు. గ్యాలరీ అంతా లేచి చప్పట్లు కొట్టింది. గీత పక్కన నిలబడ్డ ఓ పెద్దమనిషి కళ్ళు తుడుచుకున్నాడు.

"గుండె అంటే అదీ! ఏ తల్లి కన్నదో గానీ!"

నూకాలమ్మ నోరు తెరిచింది. పదమూడేళ్ళ కిందట పోయిన మనిషి చెప్పగలిగే మాట కోసం కాసేపు వెతుక్కుంది.

"అవును బాబూ," అంది. "ఏ తల్లి కన్నదో."

చుట్టూ అందరూ చప్పట్లు కొడుతున్నారు కదా అని ఆవిడ చేతులు కూడా కలిశాయి.