మడత మాస్టారికి ముబారక్

మడత మాస్టారు ఆ ఉదయం కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ, సూపరింటెండెంటు గారితో చెప్పాల్సిన మాటలు పదోసారి వల్లె వేసుకున్నారు. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టించడం ఆయన ఉద్యోగం. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే పని. నెలాఖరుకి అరవై నిండుతాయి. ఇంకొక్క ఏడాది ఉంచితే కూతురి నర్సింగు చదువు పూర్తవుతుంది. ఉంచకపోతే క్వార్టరు ఖాళీ చేయాలి, పిల్ల చదువు ఆగిపోతుంది. ఆ తర్వాత ఏం చేయాలో ఆయనకు నిజంగా తెలియదు.

"దరఖాస్తు ముందు ఆవిడ చేతిలో పెట్టండి. దారిలో పలకరింపులకి ఆగకండి," అంది భార్య.

ఆగకుండా ఉండడం ఆయన వల్ల అయ్యే పని కాదు. ఆస్పత్రి గేటు దగ్గర వాచ్‌మన్ రెండు చేతులూ పట్టుకుని, "ముబారక్ మాస్టారూ!" అన్నాడు. దీవించినవాణ్ణి ఎందుకని నిలదీయకూడదు, ముందు తిరిగి దీవించాలి. అది తండ్రి నేర్పిన మర్యాద. "ఖైర్ ముబారక్! అల్లా నీకూ బరకత్ ఇవ్వాలి," అన్నారు. సంగతేమిటని అడిగేలోపు అంబులెన్సు వచ్చింది, వాచ్‌మన్ గేటు తీయడానికి పరుగెత్తాడు. కొత్త చొక్కాకి కాబోలు అనుకున్నారు మాస్టారు.

వెనకే వస్తున్న బావమరిది ఇదంతా చూశాడు. ఇస్త్రీ యంత్రం నడిపే ఆ మహానుభావుడు గోరంత దొరికితే కొండంత చేయగలడు. అరవై ఏళ్లు, కొత్త చొక్కా, ముబారక్. ఇంకేం కావాలి? "బావ రిటైరైపోతున్నాడు, నాకు మాటమాత్రం చెప్పలేదు!" అని ఇస్త్రీ గదంతా వినేలా కళ్లు తుడుచుకున్నాడు.

సూపరింటెండెంటు ఇంకా రాలేదని మాస్టారు తన బల్ల దగ్గరికి వెళ్లారు. అక్కడ ఉతికేవాళ్లూ ఆరేసేవాళ్లూ వరసకట్టారు. ముబారక్, ఖైర్ ముబారక్. ముబారక్, ఖైర్ ముబారక్. దిండుగలీబులు కుట్టే పెద్దావిడ ముబారక్ అంటూనే భోరుమంది. చొక్కా మరీ అంత ఘోరంగా ఉందా అని ఆయనకు మొదటిసారి అనుమానం వచ్చింది.

అంతలో సూపరింటెండెంటు రానేవచ్చారు. "ఏంటి మాస్టారూ, అందరూ ముబారక్ అంటున్నారు? అంటే శుభాకాంక్షలేనా?"

అర్థం అడిగితే మాస్టారికి ఒళ్లు తెలియదు. జేబులో దరఖాస్తు సంగతీ మరిచిపోయారు. "అంతకంటే పెద్దది మేడమ్! గెలిచావు, శభాష్ అనడం కాదిది. పెళ్లైనా, బిడ్డైనా, ఇల్లైనా, మనకి వచ్చినదాంట్లో దేవుడు బరకత్ పెట్టాలని చేసే దువా, ప్రార్థన. బరకత్ అంటే ఆ మంచి పెరగాలి, నిలవాలి. తిరిగి దీవించామంటే వచ్చినదాన్ని మనసారా పుచ్చుకున్నట్టే."

"అయితే మీరు మనసారా పుచ్చుకున్నారా?"

"మనసారా మేడమ్!"

ఆవిడ బరువు దిగినట్టు తలూపి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం బావమరిది వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇన్నేళ్లు కష్టపడ్డావు బావా. ఇక ఇంటి పట్టున హాయిగా ఉండు. మేడమ్‌కి కూడా పొద్దున్నే చెప్పేశాలే."

మాస్టారు జేబులోంచి దరఖాస్తు లాగారు. పరుగున మెట్లెక్కి ఆఫీసు గదిలో పడ్డారు. "నేను రిటైర్ కావడం లేదు మేడమ్! ఇదిగో దరఖాస్తు!"

ఆవిడ ముఖం పాలిపోయింది. "మీరు అడక్కుండానే నిన్న మీకు ఏడాది పొడిగింపు రాయించాను. ఆ ఫైలు మోసింది వాచ్‌మనే, మీకు చెప్పలేదా? పొద్దున మీ బావమరిది మాట నమ్మలేక మిమ్మల్నే అడుగుదామని వచ్చాను. మీరు మనసారా అన్నారు. ఆ పొడిగింపు రద్దు చేసి, మీ పోస్టుకి ఆయన పేరు పైకి పంపించేశాను. ఒకసారి వెళ్లింది వెనక్కి రాదు మాస్టారూ."

చేజేతులా చేసుకున్నదానికి ఎవరిని తిట్టాలి? మాస్టారు కిందికి వచ్చి మురికి దుప్పట్ల మూట మీద కూలబడ్డారు. పిల్లకి ఏం చెప్పాలో తోచలేదు, ఏడుపు మాత్రం తన్నుకొచ్చింది.

బావమరిది తన పేరు పైకి పంపిన కాగితం నకలు పట్టుకుని వచ్చాడు. "నేనడగలేదు బావా, ఒట్టు!"

లాండ్రీ అంతా మాస్టారి నోటికేసి చూస్తోంది. ఆయన లేచి బావమరిది రెండు చేతులూ పట్టుకున్నారు.

"ముబారక్ రా," అన్నారు.

ఆ రోజు ఆ లాండ్రీలో, దేనికి చెబుతున్నాడో సరిగ్గా తెలిసి ముబారక్ చెప్పిన మనిషి ఆయనొక్కడే.