గాలికి మూడు కొటేషన్లు

అనంతపురం జిల్లాకు కరువు శాపం కాదనీ, అర్హత అనీ తనకల్లు దగ్గర గువ్వలకుంటపల్లెలో మంత్రిగారు ప్రకటించారు. నీళ్ళు లేని చోటే పెట్టదగిన కరెంటు మిషను ఒకటి పరదేశాల్లో ఉందట. పేరు క్లోజ్డ్ సైకిల్ గ్యాస్ టర్బైన్. దానికి ఆవిరి అక్కరలేదు. లోపల మూసిపెట్టిన వాయువే వేడెక్కి, చక్రం తిప్పి, చల్లబడి, మళ్ళీ అదే దారిన తిరిగి వస్తుంది. మంత్రిగారి ఉపన్యాసాలూ ఈ పద్ధతిలోనే సాగుతాయి కనుక ఆయనకు దానిమీద వెంటనే గురి కుదిరింది.

విలేకరిని కాబట్టి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. వెనకనుంచి నల్లమ్మ లేచింది. ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క బావిలో పూడిక తీయించమని మూడేళ్ళుగా అర్జీలు పెడుతున్న మనిషి.

"మా బావి సంగతేమి సామీ?"

"కరెంటొస్తే మోటారొస్తుంది. మోటారొస్తే నీళ్ళొస్తాయమ్మా."

"యాడనుంచి సామీ?"

మంత్రిగారు చిరునవ్వు నవ్వి కమిటీ వేశారు. బావికి కాదు, మిషనులో ఏ వాయువు నింపాలో తేల్చడానికి. స్పెషలాఫీసరు తిప్పేస్వామిగారు దానికి అధ్యక్షులు. అంతటి నిష్ఠాపరుణ్ణి నేను చూడలేదు.

హీలియం శ్రేష్ఠమన్నారు. కానీ అది అమెరికానుంచి రావాలి, దేశంలో విదేశీ మారకం లేదు. బొగ్గుపులుసు వాయువు తాను సరఫరా చేస్తానని తాడిపత్రి సోడా ఫ్యాక్టరీ మల్లికార్జునయ్యగారు ముందుకొచ్చారు. సభ్యులు నాలుగు పెట్టెల సోడా తాగి నాణ్యత పరీక్షించారు. ఫలితాలు పక్క గదిలోకి కూడా వినిపించాయి. అయితే వేడిమీద అది ఇనుమును తినేస్తుందని ఒక ఇంజనీరు అడ్డుపడ్డాడు. ఏడు నెలల మేధోమథనం తర్వాత మామూలు గాలే మేలని తేలింది.

చిక్కల్లా అక్కడే వచ్చింది. మూడు కొటేషన్లు లేనిదే సర్కారు ఏదీ తీసుకోకూడదు.

"ఊరికే వచ్చేదే గదా సార్?" అన్నాను.

"ఊరికే వచ్చేదాన్ని ఊరికే తీసుకుంటే ఆడిట్టోళ్ళు ఊరుకుంటారా అప్పా?" అన్నారు తిప్పేస్వామిగారు.

కొలిమితిత్తి ఉంది గనుక కమ్మరి దగ్గర ఒకటి, హార్మోనియం ఉంది గనుక నాటకాల మేష్టరు దగ్గర ఒకటి తెచ్చారు. మూడోది సైకిల్‌షాపు కుళ్ళాయప్పది.

"టైరుకు మూడు పైసలు. మీ మిషనుకు ఎన్ని టైర్లన్నా?" అన్నాడు అతను. టెండరు అతనికే దక్కింది.

మిషను వచ్చింది. చక్రం తిప్పిన గాలిని చల్లబరచాలని అప్పుడు బయటపడింది. దేనితో? నీళ్ళతో. వారంలో నల్లమ్మ బావి చుట్టూ గోడ లేచింది, గొట్టం దిగింది, కాపలావాడు కూర్చున్నాడు.

నల్లమ్మ ఖాళీ బిందెతో తిప్పేస్వామిగారి దగ్గరికి వచ్చింది. "నీళ్ళు వద్దనే మిషనన్నారు గదా సామీ?"

"మిషనుకు వద్దమ్మా. దాంట్లో గాలికి కావాల."

"మాకూ కావాల. ఇంట్లో పిల్లోళ్ళు రాత్రినుంచి గొంతు తడుపుకోలేదు."

తిప్పేస్వామిగారి మనసు కరిగింది. "అట్లయితే నీకూ రూలు ప్రకారమే చేస్తా. నీళ్ళకు మూడు కొటేషన్లు తే."

మర్నాడు మధ్యాహ్నం ఆమె కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. బిందె అలాగే ఉంది.

"మూడూర్లు తిరిగొచ్చినా సామీ. మాకే లేవు, నీకేమిస్తామన్నారు. మూడిట్లోనూ అదే మాట."

ఆయన మూడూ రాసుకుని, పోల్చి చూశారు. ముఖం వికసించింది. "మూడూ సమానంగా ఉండాయి. వాటిలో దగ్గరున్న ఊరికి శాంక్షన్ చేస్తాండా."

ఆర్డరు రాసి సీలు తీశారు. ఎండకు ప్యాడు ఎండిపోయి ఉంది. కాపలావాడు పరుగున పోయి బావిలోంచి చెంబుడు నీళ్ళు తెచ్చాడు. నాలుగు చుక్కలు ప్యాడు మీద చిలకరించి సీలు కొట్టారు. మిగిలినవి కిటికీలోంచి పారబోయబోతుంటే నల్లమ్మ గబుక్కున బిందె పట్టింది.

తిప్పేస్వామిగారు చెంబు వెనక్కి తీసుకున్నారు.

"ఆగమ్మా," అన్నారు ఎంతో మర్యాదగా. "నీ ఆర్డరులో ఈ ఊరు లేదు."