బాతుల బండికి ఆషాఢం కూపన్లు

లాస్య సంచి సర్దుకుంటోంది. నేను మంచం అంచున కూర్చుని, ఆమె లోపల పెట్టినవన్నీ బయటికి తీసి మళ్ళీ మడతపెడుతున్నాను. అలా చేస్తే సర్దడం ఎప్పటికీ పూర్తికాదని నా ఆశ. సరిగ్గా అప్పుడే నా మరిది రామభద్రరావు గుమ్మంలో ప్రత్యక్షమై, రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి ప్రకటించాడు.

"వదినా! ఈ జంటనగరాల్లో నేరస్థుల గుండెల్లో రైళ్ళు పరిగెడుతున్నాయంటే దానికి కారణం ఒక్కటే. నా మెదడు! అది నిద్రపోదు. నేను పడుకున్నా అది లేచి కూర్చునే ఉంటుంది."

"తాతా, జెర జరుగుర్రి. చెప్పులు తెచ్చుకోవాలె," అంది లాస్య.

మెదడు పక్కకి జరిగింది.

రామభద్రరావు రైల్వే పార్సిల్ ఆఫీసులో రిటైరైన మర్నాడే డిటెక్టివ్ అయ్యాడు. ఇంతవరకు ఛేదించిన కేసులు రెండు. రెండింటిలోనూ దొంగ పిల్లే. ఒకటే పిల్లి. ఓసారి ఎవరూ విడిపించుకోని పార్సిళ్ళు వేలం వేస్తుంటే, రహస్య సంభాషణలు వినే యంత్రమనుకుని ఒక నల్లపెట్టె పాడుకొచ్చాడు. వారం రోజులు దానికి చెవి ఆనించి కూర్చున్నాడు. చివరికి మా మేడమీద గదిలో అద్దెకుంటున్న లాస్య వచ్చి చూసి, "తాతా, ఇది వీడియో గేములు ఆడే మెషిన్. నా కాడ సుత ఇసొంటిదే ఉన్నది," అని చెప్పి టీవీకి తగిలించింది.

అలా నా జీవితంలోకి బాతుల బండి వచ్చింది. అందులో రెండు బాతులు ఒక గూడ్సు రైలు నడుపుతాయి. లాస్య డ్రైవరు బాతు. నేను గార్డు బాతుని. నేను జెండా ఊపితేనే ఆమె బండి కదపాలి. ఆమె లేకపోతే నేను ఊపినా కదలదు. రోజూ సాయంత్రం దీపం పెట్టాక మేమిద్దరం గుమ్మడికాయలు, గొర్రెలు, ఒకసారి ఒక ఏనుగునీ ఊళ్ళు దాటించాం. 

ఇప్పుడు లాస్యకి పుణెలో ఉద్యోగం వచ్చింది. ఆ రోజు సాయంత్రమే బండి. ఆట డిస్కు ఆమె స్నేహితురాలిది, ముందురోజే తిరిగి ఇచ్చేసింది. ఇద్దరూ రెండు ఊళ్ళలో ఉండి ఆడాలంటే ఎవరి డిస్కు వాళ్ళకి ఉండాలట. అంటే కొత్తవి రెండు కొనాలి. అంత ఖరీదు పెట్టే స్థితిలో ఇద్దరం లేము. ఆ సంగతి నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు.

మెట్టుగూడలో స్టేషనుకి కూతవేటు దూరంలో కాపురం పెట్టడం మావారు చేసిన పొరపాటు. ఎవరు ఎటు వెళ్ళినా మా కిటికీ ముందునుంచే వెళతారు.

"అమ్మమ్మా, చిన్న పనున్నది. ప్యాట్నీ సెంటర్ దాకా పోయొస్త," అంది లాస్య.

"నేనూ వస్తానే. చివరిరోజు."

"వద్దు వద్దు. ఎండ మస్తుగున్నది."

ఆమె వెళ్ళింది. రామభద్రరావు కిటికీ దగ్గరికి నడిచి ఆకాశం వంక చూపుడువేలు ఎత్తాడు. దట్టంగా మబ్బు పట్టి ఉంది.

"గమనించావా వదినా? లేని ఎండని సృష్టించింది. మామూలు నేరస్థులు సాక్ష్యాన్ని దాస్తారు. ఘరానా నేరస్థులు వాతావరణాన్నే మార్చేస్తారు!"

"నోరు ముయ్యి, రామభద్రం."

అప్పుడే పక్కింటి దేవమ్మ వచ్చింది. ఎల్లుండి బోనాలు. చేతులనిండా పసుపు. "ఉన్నవా వీరరాఘవమ్మా? లాస్య పోయిందా? నేను సుత పోవాలె. ప్యాట్నీ కాడ ఏదో దుకాణమట, పోయి నిలబడితె సాలన్నది."

"నిలబడటమా?" అన్నాడు రామభద్రరావు. "ఎవరి ముందు?"

"నాకేమెర్క సార్? మొన్న నా ఫోన్‌ల ఏదో నంబరొచ్చింది. గది చెప్పుమన్నది, చెప్పిన."

రామభద్రరావు కుర్చీలో కూలబడ్డాడు. వెంటనే లేచాడు. లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది.

"ఓటీపీ! వదినా, ఓటీపీ! కట్టుకున్నదానికి కూడా చెప్పకూడనిది! దేవమ్మా, నీ ఖాతా ఖాళీ అయిపోయింది!"

"అది ఎప్పటికీ ఖాళీనే ఉంటది సార్," అంది దేవమ్మ. "నా ఒక్కదాన్నే అడిగిందా? ఇస్త్రీ పర్వతాలును అడిగింది, డోరా టీచరమ్మను అడిగింది, వాళ్ళాయనను సుత అడిగింది. అందరం చెప్పినం. బంగారమసొంటి పిల్ల."

రామభద్రరావు గొంతు తగ్గించాడు. "అమాయక వృద్ధులు. రహస్య సంఖ్యలు. ఈ సాయంత్రమే రాష్ట్రం దాటి పరారీ. అంతర్రాష్ట్ర ముఠా!"

నాకు ముఠా సంగతి పట్టలేదు. వీధిలో అందర్నీ అడిగి నన్నొక్కదాన్నే అడగలేదే అన్నది గుండెలో గుచ్చుకుంది. నా దగ్గరా ఫోనుంది. నాకూ నంబర్లొస్తాయి.

"దేవమ్మా, నువ్వు కీలక సాక్షివి," అన్నాడు రామభద్రరావు. "నీ ప్రాణానికి ముప్పుంది. కదలకు." ఆమెని మా వంటింట్లోకి పంపి బయట గడియపెట్టాడు. ఆమె ఫోను హాల్లోనే ఉండిపోయింది.

"నేను పోవాలె సార్! మాటిచ్చిన!" అని లోపలినుంచి రెండుసార్లు తలుపు కొట్టింది. తరువాత ఆమె గొంతే మళ్ళీ వినిపించింది. "సర్లే, గీ కందిపప్పు నానేసి ఉన్నది, పొయ్యి మీద పెట్టాల్నా?"

"పెట్టు," అన్నాను.

రామభద్రరావు మారువేషం వేసుకుని వచ్చేసరికి నేను చెప్పులు వేసుకున్నాను. పుర్రె బొమ్మ ఉన్న నల్ల టీషర్టు, మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంటు, వెనక్కి తిప్పిన టోపీ. చిరుగులు తనే కత్తెరతో చేసుకున్నాడట.

"కుర్రకారులో కలిసిపోవాలి. చెప్పు, ఇప్పుడు నాకెంత వయసుంటుంది?"

"అరవై ఎనిమిది."

"అది నీకు ముందే తెలుసు కాబట్టి."

ఆటోవాడు టోపీ వంక, పంచకి అలవాటుపడ్డ ఆ నడక వంక చూసి, "పెద్దాయన, జెర పైలంగ ఎక్కుండ్రి," అన్నాడు. రామభద్రరావు ప్యాట్నీ దాకా వాడితో మాట్లాడలేదు.

గాజు తలుపులోంచి లాస్య కనిపించిన వీడియో గేముల దుకాణం రెండు చీరల షాపుల మధ్య ఇరుక్కుని ఉంది. చీరల వాళ్ళలాగే వీళ్ళూ ఎర్ర గుడ్డ కట్టారు: ఆషాఢం ధమాకా, ఈ రోజే ఆఖరు. లోపల నిలువెత్తు అట్ట రాక్షసుడు ఒకడు నిలబడి ఉన్నాడు, ఏదో ఆట ప్రచారానికి. రామభద్రరావు నన్ను వాడి వెనక్కి తోశాడు. తను ముందుకెళ్ళి ఒక రిమోటు లాంటిది తలకిందులుగా పట్టుకుని ఈల వేయబోయాడు. గాలి మాత్రమే వచ్చింది.

"ఏం కావాలె సార్?" అన్నాడు కౌంటర్లో ఉన్న మేనేజరు. చొక్కామీద తిరుమల్ అని పేరుంది.

"ఊరికే, బ్రో," అన్నాడు రామభద్రరావు. "ఇది మైలేజీ ఎంతిస్తుంది, బ్రో?"

తిరుమల్ ఆ రిమోటుని సరిగ్గా తిప్పి అతని చేతిలో పెట్టి, లాస్య వైపు తిరిగాడు. ఆమె వెనక్కి తిరిగి చూడకుండా అప్పటికే కౌంటర్ నిండా పరిచేసింది: పాత ఆటల డిస్కులు, ఫోన్లో కూపన్లు.

"అన్నా, మళ్ళ చూడుర్రి. ఒకటి కొంటే రెండోది సగం ధర. గిది మీ ఆఫరే. పాత డిస్కులు ఇస్తే తగ్గింపు, గిదీ మీదే. కొత్త నంబరుకు ఒక కూపన్ అన్నరు, నాలుగు నంబర్లు తెచ్చిన. దేవమ్మ, పర్వతాలు, డోరా టీచర్, వాళ్ళ సారు. అన్నీ కలిపితే సరిపోతయి."

"కలిపితే సరిపోతయమ్మా. కలవాలె గద!" తిరుమల్ కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. "ఇన్ని ఆఫర్లు ఒక్క బిల్లుల పడాలంటే పెద్దల ఆఫర్ ఉండాలె. అరవై దాటినోళ్లు ఒకలు కార్డు చూపిచ్చి ఈడ నిలబడాలె, కెమెరల ఫోటో పడాలె."

"మొన్న సుత గదే అన్నరు. గదేం రూల్ అన్నా? గేముల దుకాణంల అరవై ఏండ్లోళ్ళు ఎందుకు?"

"మా ఓనర్ దిమాక్ అది. ఆషాఢంల కొత్త పెండ్లిపిల్ల పుట్టింటికి పోతది గద. పిలగాడు ఇంట్ల ఒక్కడే పరేషాన్ అయితడు. అత్తగారికి పాపమనిపిచ్చి, అల్లునికి గేమ్ కొనిస్తదని పెట్టిండు. నెల దినాలాయె, ఒక్క అత్త రాలే."

"దేవమ్మ వస్తనన్నది..." లాస్య తలుపు వైపు చూసింది. ఫోను చెవిన పెట్టి, దించింది. "ఎత్తుతలేదు."

దేవమ్మ ఫోను మా హాల్లో ఉంది. దేవమ్మ మా వంటింట్లో ఉంది.

"మీ ఇంట్ల పెద్దోళ్లు లేరా?" అన్నాడు తిరుమల్.

"ఉన్నది. మా అమ్మమ్మ. సొంత అమ్మమ్మ కాదు, ఇంటి ఓనరమ్మ. ఆమె కోసమే కొంటున్నన్నా, ఆమెనెట్ల తీస్కరావాలె? చెప్తే, వద్దు నీ పైసలు దాచుకో అని లొల్లి పెడతది. అందుకే ఆమె నంబర్ సుత అడగలే. నేను పోయినంక రేపు పొద్దుగాల టీవీ పెడితే ఆమెకు బాతు కనబడాలె. లేకుంటే గా కిటికీ కాడ కూసొని, పోయే బండ్లనే చూస్కుంట ఉంటది."

ఏదో ఒకటి పట్టుకోవాలి కదా అని అట్ట రాక్షసుడి తోక పట్టుకున్నాను. అరవై దాటినదాన్ని నేనే ఉన్నాను, ఒక్క అడుగు ముందుకేస్తే చాలు. వేస్తే ఆమె దాచుకున్నదంతా పాడవుతుంది. వేయకపోతే బండి ఆగిపోతుంది. వేయనా, వద్దా అనుకుంటూ తోకని నలుపుతున్నాను. తోక ఊడి నా చేతికొచ్చింది. రాక్షసుడు నిదానంగా ముందుకు వాలి, రామభద్రరావు నెత్తిన పడ్డాడు.

"దాడి!" అని అరిచాడు రామభద్రరావు. టోపీ ఎగిరిపోయింది. బట్టతల దుకాణం లైట్లన్నిటికింద ఒక్కసారిగా మెరిసింది. "కదలొద్దు! మీ ఆట కట్టింది! మీరు ఇంతసేపూ ఒక పడుచువాణ్ణి చూస్తున్నామనుకున్నారు! కాదు! నేను రామభద్రరావుని!" జేబులోంచి తన పెన్షనరు కార్డు లాగి, పిస్తోలు పట్టుకున్నట్టు తిరుమల్ ముఖానికి గురిపెట్టాడు. "చూడు! కళ్ళారా చూడు!"

తిరుమల్ చూశాడు. "పుట్టింది యాభై ఐదు. సార్, జెర గట్లనే నిలబడుండ్రి. కదలకుండ్రి."

"నేను నిన్ను కదలొద్దన్నాను!"

"ఇద్దరం కదలొద్దు సార్. కెమెర చూడుండ్రి."

క్లిక్కుమంది. కంప్యూటరు కాసేపు గిరగిర తిరిగి, కీచుమని కాగితం కక్కింది. తిరుమల్ రెండు చేతులూ పైకెత్తాడు. "కలిసినయ్! అన్నీ కలిసినయ్! ఓనర్ నమ్మడు!"

రామభద్రరావు చేతులెత్తిన తిరుమల్‌ని చూసి తృప్తిగా తలాడించాడు. "లొంగిపోవడమే మంచిది."

"సార్, కవర్ ఇయ్యాల్నా?"

అప్పుడు లాస్య నన్ను చూసింది. నేను తోకతో సహా నిలబడి ఉన్నాను.

"అమ్మమ్మా! నువ్వేం జేస్తున్నవ్ ఈడ?"

"ఎండ ఎంతుందో చూద్దామని వచ్చానే."

"అంతా విన్నవా?"

"నేనేం వినలేదు."

"మరి ఎందుకేడుస్తున్నవ్?"

"వీడి టీషర్టు చూసి."

ఆమె నవ్వింది. నవ్వుతూనే నా చేతిలోంచి తోక తీసుకుని తిరుమల్‌కి ఇచ్చింది. తోక ఖరీదు బిల్లులో కలుపుతాడేమోనని భయపడ్డాను. కలపలేదు.

ఆటోలో రామభద్రరావుకి నేరం జరగలేదని చెప్పడానికి ప్యాట్నీ నుంచి మెట్టుగూడ దాకా పట్టింది. అంతా విని గంభీరంగా కళ్ళు మూసుకున్నాడు. "మొదటి క్షణమే ఊహించాను. కార్డు చూపకపోతే బిల్లు పడదని తెలిసే చూపించాను. నా పద్ధతులు మీకర్థం కావు."

"థ్యాంక్స్ తాతా," అంది లాస్య. ఆ మాటతో అతను మూడో కేసు ఛేదించినట్టు లెక్క వేసుకున్నాడు. దీంట్లో పిల్లి లేదు.

ఇంటికెళ్ళి గడియ తీస్తే దేవమ్మ పప్పు, వంకాయ కూర, చారు చేసి, ముగ్గురికి కంచాలు పెట్టి ఉంచింది. "నీ వంటింట్ల ఉప్పెక్కడ పెట్టుకున్నవ్? ఎతికెతికి పాణం పోయింది," అని నన్నే తిట్టింది. రామభద్రరావుని ఒక్క మాట అనలేదు, చారు మాత్రం పోయలేదు.

సాయంత్రం స్టేషనుకి వెళ్ళాం. రామభద్రరావు బోగీ కిందికి వంగి గొలుసులు పరీక్షించి, ప్రయాణం సురక్షితమని ప్రకటించాడు. లాస్య కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "అమ్మమ్మా, జెండా ఊపు. నువ్వు ఊపకుంటే నేను కదల," అంది. జెండా లేదు. కొంగు ఊపాను. బండి కదిలింది. ఊపకపోయినా కదిలేదే.

మర్నాడు టీవీ పెడితే తెరమీద డ్రైవరు బాతు నా కోసం నిలబడి ఉంది. ఆ తరువాత ఏడాదికి పైగా మా బండి నడిచింది. మొదట రోజూ, తరువాత శని ఆదివారాలు, తరువాత పండగలకి. మధ్యలో ఒక స్టేషనులో గుమ్మడికాయలు తక్కువయ్యాయని రామభద్రరావు నా చేతిలోంచి రిమోటు లాక్కుని ఒక గొర్రెని ప్రశ్నించాడు. గొర్రె మీద అనుమానం అతనికి ఇప్పటికీ తీరలేదు.

లాస్య చివరిసారి ఆటలోకి వచ్చింది 2024 ఆగస్టు పదహారు, వరలక్ష్మీ వ్రతం నాటి సాయంత్రం. వంతెన ముందు బండి ఆపి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, ఇప్పుడే వస్తానంది. మళ్ళీ రాలేదు. ఫోను చేసినప్పుడల్లా పనులు తెమలడం లేదంటుంది, బండి ఆ వంతెన ముందే ఆగి ఉంది.