తోకలు తెగిన ఫైళ్లు

“ఈ భూమ్మీద అసలు సిసలు అపరాధ పరిశోధకులు ఇద్దరే బావా. ఆ రెండోవాడు ఇంకా పుట్టలేదు.”

ఈ ముక్క అన్నది మా ఆవిడ తమ్ముడు. ముప్పై ఏళ్లు ఓ ఆఫీసు రికార్డు గదిలో గుమాస్తాగా చేసి, రిటైరైన మర్నాడే ఓ భూతద్దం కొనుక్కుని డిటెక్టివ్ అయిపోయాడు. అప్పట్నుంచి అందరూ అతన్ని భూతద్దం అనే పిలుస్తున్నారు. ఇంతవరకు ఛేదించిన కేసులు మూడు: పక్కింటివాళ్ల గొడుగు, మా గొడుగు, మళ్లీ పక్కింటివాళ్ల గొడుగు. మూడూ ఒకటే గొడుగు.

రికార్డు గది వదిలినా దాని బుద్ధి అతన్ని వదల్లేదు. నంబరు లేని వస్తువు కంటబడితే చెయ్యి దురద. మా వంటింట్లో ప్రతి డబ్బాకీ ఎర్రసిరా నంబరుంది. కాఫీలో పంచదార చాలలేదంటే మా ఆవిడ మూడో అర పదకొండో డబ్బా వెతుక్కోవాలి. ఓ రోజు నేను కునుకు తీసి లేచేసరికి నా మోచేతి మీద కూడా నంబరుంది. ఇటుక రాయితో రుద్దితే చర్మం పోయింది గాని నంబరు పోలేదు. బావ బతుకు కోరతాడంటారు పెద్దలు. బావమరిది ఏం కోరతాడో ఎందుకు చెప్పలేదా అని అప్పుడనిపించింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మా చిన్నమ్మాయి ఫోన్ చేసింది. దానికి బజారు వీధిలో వీడియో ఎడిటింగ్ కొట్టుంది. పెళ్లయి వేరే ఉంటోంది కనుక మా ఇంటి నంబర్ల బాధ దానికి తెలియదు.

“నాన్నా, కొంప మునిగింది. ఓసారి రా.”

మునిగిన కొంప ఏమిటంటే, ఆస్పత్రిలో ముప్పై అయిదేళ్లు పనిచేసిన పెద్ద నర్సు ఆ సాయంత్రం అయిదింటికి రిటైరవుతోంది. ఆవిడ చేత సూదులు పొడిపించుకున్న నలభై ముగ్గురు కెమెరా ముందు చెప్పిన మాటలన్నీ కుట్టి, మా అమ్మాయి అరగంట సినిమా తయారు చేసింది. దాని కొట్టుకొచ్చిన మొదటి పెద్ద పని అది. సభలో తెర నల్లగా ఉండిపోతే మళ్లీ ఆ గుమ్మం ఎవరూ ఎక్కరు. పైగా అందులో పదిహేడోవాణ్ణి నేను. ఆవిడ ఉద్యోగంలో చేరి పొడిచిన మొట్టమొదటి సూది నాదే.

నేను వెళ్లాను. నా వెనక పిలవకుండానే భూతద్దం.

“చూడు నాన్నా, కుట్టిన సినిమా మొత్తం ఎర్రగా ఉంది, ఇంకా ఒక్క ఫైలుగా బయటికి తియ్యనేలేదు. ఏ ముక్క నొక్కినా ఫైలు లేదంటోంది. ఫోల్డర్‌లో చూస్తే నా పేర్లు ఒక్కటీ లేవు, ఏవో అంకెలు. తెరవబోతే ‘ఈ రకం ఫైలు నాకు తెలియదు’ అంటోంది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశా. కొత్త వెర్షన్ వేశా, పాత వెర్షన్ వేశా. వైరస్సే అనుకుంటా.”

“కెమెరాలో మిగల్లేదా తల్లీ?”

“నిన్న రాత్రే కార్డు తుడిచేశా, ఇంకో పనికి కావాలని.”

నా కళ్లజోడు ఇంట్లో రెండో అర తొమ్మిదో డబ్బాలో ఉండిపోయింది. నాకు తెర మీద ఎర్రటి పూత తప్ప ఏమీ ఆనలేదు.

భూతద్దం గొంతు సవరించుకున్నాడు. “ఎవరూ కదలకండి. ఇది నలభై మూడు కుటుంబాల వ్యవహారం.”

“మావయ్యా, ముందు ఈ తెర చూడు.”

“తెర చూసేవాడు ప్రేక్షకుడు తల్లీ. నేరస్థుడు ఎప్పుడూ తెర వెనకుంటాడు.” అంటూ బల్ల కింద దూరి మానిటర్ వెనక్కి పాకాడు. కాసేపు పాదాలు మాత్రం కనిపించాయి.

“బావా, రాసుకో. ఒక తలపిన్ను. బిస్కెట్ ముక్క, కొరికింది. ఒక బొద్దింక.” కాస్త ఆగి గొంతు తగ్గించాడు. “మొదటి శవం.”

అంతలో ఎదురు కొట్టు ఫోటోగ్రాఫర్ కత్తెర అడగడానికి వచ్చాడు. బల్ల కింద నుంచి భూతద్దం తల మాత్రం బయటికొచ్చింది.

“నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకి మీరెక్కడున్నారు?”

“అన్నం తింటున్నానండీ.”

“సాక్షి?”

“మీరే. ఈ కుర్చీలో కూర్చుని నాకు చెయ్యి ఊపారు కదండీ.”

“సాక్షిని బెదిరించకండి.”

మా అమ్మాయి అప్పుడు గుర్తు చేసుకుంది. “అవును, నిన్న నేను తినొచ్చేదాకా మావయ్యే కొట్టు చూసుకున్నాడు. ఎవరైనా లోపలికొచ్చారా మావయ్యా?”

“ఈగని కూడా రానివ్వలేదు. రెండు గంటలూ కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. అందుకే అంటున్నా, ఇది అసాధారణమైన బుర్ర చేసిన పని.” తల మళ్లీ లోపలికెళ్లింది.

మూడున్నరయింది. మా అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ నర్సు గారికి ఫోన్ చేయడానికి నంబరు వెతుకుతోంది. బల్ల కింద ఎన్నేళ్ల దుమ్ముందో గాని, భూతద్దం తుమ్మాడు. ఆ తుమ్ముకి వీధి చివర నిలిపిన సైకిళ్లు పడ్డాయని తర్వాత చెప్పుకున్నారు. నేను చూసింది మాత్రం ఇంతే: తల బల్లకి కొట్టుకుంది, చొక్కా జేబులోంచి ఓ చిన్న పుస్తకం జారి మా అమ్మాయి కాళ్ల దగ్గర తెరుచుకుని పడింది.

తీసి ఇవ్వబోయి మా అమ్మాయి ఆగిపోయింది. తర్వాత పైకి చదివింది.

“‘కట్ట నంబరు అరవై. వీడియో కొట్టు. ఫైళ్లు క్రమం లేకుండా పడి ఉన్నందున నంబర్లు వేయడమైనది. ప్రతి పేరు చివర చుక్క, దాని వెనక తోక అనవసరంగా ఉన్నందున తొలగించడమైనది.’”

ఫోటోగ్రాఫర్ కత్తెర సంగతి మర్చిపోయి స్టూలు మీద కూర్చున్నాడు.

“మావయ్యా,” అంది మా అమ్మాయి చాలా నెమ్మదిగా, “తోక తీస్తుంటే కంప్యూటర్ నిన్నేమీ అడగలేదా?”

“ఎందుకడగలేదూ, పాపం ప్రతిసారీ అడిగింది. ‘తీస్తే ఫైలు పనికిరాకపోవచ్చు, తీయమంటారా’ అని. ప్రతిసారీ అవునన్నా. అంత మర్యాదగా అడిగే గుమాస్తా మా ఆఫీసులో ఒక్కడు లేడు.”

“ఆ తోక చూసే అది ఏ రకం ఫైలో తెలుసుకుంటుంది మావయ్యా.”

బల్ల కింద నుంచి భూతద్దం వెనక్కి పాకుతూ బయటికొచ్చాడు.

నిజం చెప్పాలి. ఆ పుస్తకంలో ప్రతి పాత పేరూ, దాని కొత్త నంబరూ, తెగిన తోకతో సహా ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. నేను నెట్టిన కుర్చీలో అతను కూర్చుని చదువుతుంటే మా అమ్మాయి పేర్లు తిరిగి పెట్టింది. ఒక్కో తోక అతికించగానే తెర మీద ఒక్కో ఎర్రముక్క పోయి ఒక్కో మొహం వచ్చింది. నాలుగు నలభైకి ఆఖరిది అతికింది. సరిచూసుకునే వ్యవధి లేదు, సినిమా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని పరిగెత్తాం.

ఒక్కచోట గుమాస్తా చెయ్యి జారింది. నేను గంభీరంగా చెప్పిన ముక్కకీ, పారెయ్యమ్మా అని బతిమాలిన రిహార్సల్ ముక్కకీ నంబర్లు తారుమారు. నిండు సభలో, మేడంత తెర మీద, నేను మాట మర్చిపోయి తడుముకుని, సూది గుర్తొచ్చి ఎడమ తుంటి రుద్దుకుంటూ నిలబడ్డాను. హాలంతా పగలబడి నవ్వింది. అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్న పెద్ద నర్సు కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. సభయ్యాక మా అమ్మాయి చేతులు పట్టుకుని, మనవడి పుట్టినరోజుకీ నువ్వే తియ్యాలంది. తర్వాత నా వైపు తిరిగింది.

“అన్నయ్య గారూ, ఇంకా నొప్పేనా?”

భూతద్దం నా పక్కకి చేరి చెవిలో అన్నాడు. “ఎదుటివాడు మామూలువాడు కాదని నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా బావా. నా అంతటివాడు కాబట్టే పట్టుకోడానికి ఇంత సేపు పట్టింది.”

మర్నాడు మా అమ్మాయి కంప్యూటర్ మీద ఓ కాగితం అంటించింది: చుట్టాలు ముట్టరాదు.

సాయంత్రం నేను వెళ్లి చూసేసరికి, ఆ కాగితం మూలన ఎర్రసిరాతో అరవై ఒకటి అని నంబరు వేసి ఉంది.