ప్రభాకర్ సారు కట్టిన గోడ

"విశ్వంల అన్నిటికన్న బలమైన గోడ రాతిది కాదు, ఇటుకది కాదు. కంటికి కనపడనిది!" అని కోరుట్ల సమ్మె టెంటు కింద మైకు పట్టుకోని ప్రకటించిండు ప్రభాకర్ సారు.

సర్కారును తిడుతున్నడనుకోని ఉద్యోగులంత చప్పట్లు కొట్టిన్రు. నిజానికి సారు తన నాటకం గురించి చెప్తున్నడు.

ప్రభాకర్ సారు బడిల సైన్సు చెప్తడు. తెలంగాణ కోసం నడుస్తున్న సకల జనుల సమ్మెల బడి బందయి మూడు వారాలాయె. బడి ఉన్నప్పుడు సుత సారు పిల్లల పత్రికలకు గ్రహాల కథలు, మాంత్రికుల కథలు రాసెటోడు. ఏ కథ రాసినా నడుమల ఒక కనపడని గోడ ఉండాల్సిందే. రాక్షసుడు మీదికొస్తే గోడ. రాకెట్ వచ్చి గుద్దవోతే గోడ. కథ ఎటు పోవాల్నో సారుకే తెలువకపోతే, ఆడ ఇంకింత మందం గోడ.

ఆ ప్రసంగానికి వారం ముందట సమ్మె కమిటీ పెద్ద జలపతి వచ్చి, "సార్, జగిత్యాల సభకు మన దిక్కు నుంచి ఒక నాటకం కావాలె. సమానత్వం మీద ఉండాలె. పావుగంటల అయిపోవాలె" అన్నడు.

సారు రెండు రోజులల్ల రాసిండు. ఒక గ్రహం. పాలకులు కోట చుట్టు కనపడని గోడ పెట్టుకుంటరు. నీళ్లు, పంటలు లోపట. పండించిన జనం బయట. ఆఖరుకు జనమంత చేతులు కలిపి నూకితే గోడ మాయమైతది.

రిహార్సలు సారు ఇంటి వాకిట్ల పెట్టిన్రు. తిప్పలంత గోడతోనే వచ్చింది. జనం నాయకుని వేషం సమ్మెల ఉన్న పడుసు ఉద్యోగి రాకేశ్‌ది. గోడ దాక వచ్చి ఆగాలె. మొదటిసారి గోడల నుంచి సక్కగ కోటలకు నడిచిపోయిండు. రెండోసారి నాలుగడుగుల ముందే ఆగిండు.

"గోడ ఆడ కాదు, ఈడ" అన్నడు సారు.

"కనపడ్తలేదు గద సార్."

"కనపడదయ్యా. గోడను చూపెట్టేది గోడ కాదు, ఆగిపోయిన మనిషి."

ఆ మాట సారుకే ఎంత నచ్చిందంటే, పెన్ను తీసి రాసుకున్నడు.

వాకిట్ల ఓ మూలకు దుర్గవ్వ బోళ్లు తోముతున్నది. ఆ ఇంట్ల ఆమె పనికి కుదిరి పదకొండేండ్లు. గంట సంది చూసి చూసి ఆమెకు ఇసుగొచ్చింది. చేతులు కడుక్కోని లేచి, "జర జరుగు కొడుకా" అని రాకేశ్‌ను పక్కకు జరిపింది.

నాలుగడుగులు వేసి టక్కున ఆగింది. ఒళ్లు ముందుకు, కాళ్లు వెనుకకు. దేనికి తగలకుండ కొంగు దగ్గరికి తీసుకున్నది. మెడ చాపి లోపటికి చూసింది.

అందరికి గోడ కనపడ్డది. రాకేశైతే చెయ్యి చాపి తడిమి చూసిండు.

"ఈమె పుట్టుడే కళాకారిణిగ పుట్టింది" అని సారు కండ్లు తుడుసుకున్నడు. వేషం దుర్గవ్వకు మారింది. ఆ పూట ఆమె వాకిట్ల నిలవడి రెండు కప్పుల చాయ్ తాగింది.

జగిత్యాల సభల జనం కిక్కిరిసిపోయిన్రు. దుర్గవ్వ గోడ కాడ ఆగంగనే ముందట కూసున్న ఆడోళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నరు. గోడ మాయమైనప్పుడు ఈలలు. సభ నడిపిస్తున్న ప్రణీత అనే లెక్చరర్ దుర్గవ్వ ముందట మైకు పెట్టింది. "అవ్వా, గింత మంచిగ ఎవరు నేర్పిన్రు?"

స్టేజి పక్కన సారు అంగీ కాలరు సదురుకున్నడు.

"ఎవరు నేర్పలె బిడ్డా" అన్నది దుర్గవ్వ. "సారు ఇంట్ల పదకొండేండ్ల సంది పని జేస్తున్న. బోళ్లు వాకిట్లకే వస్తయ్, చాయ్ వాకిట్లకే వస్తది. గడపకు ఎంత దూరంల ఆగాల్నో నా కాళ్లకే ఎరుక. గాడ ఎట్ల ఆగుతనో, గీడ సుత గట్లనే ఆగిన."

ఇది సుత నాటకంల మాటే అనుకున్నరు జనం. నాటకానికి కొట్టినదానికన్న ఎక్కువ చప్పట్లు కొట్టిన్రు. జలపతి ఉరికొచ్చి సారును కావలించుకున్నడు. "ఆఖరుకు ఏం డైలాగు పెట్టినవ్ సార్!"

సారు ఒక్క గడియ ఆలోచించి, రెండు చేతులు జోడించి ఆ పొగడ్త తీసుకున్నడు. కోరుట్లకు వచ్చెదాక జీపుల నాటకం కాయితాలే తిరగేసిండు.

తెల్లారి దుర్గవ్వ పనికి రాంగనే వాకిట్ల ఎదురువడ్డడు. "సిరిసిల్ల సభకు నాటకం మార్చిన. గోడ తీసేసిన. సైన్సు ప్రకారం అది నమ్మబుద్ధి అయితలేదు."

"మరి నా వేషం?"

"గోడే లేనప్పుడు ఆగెటోళ్లతోటి ఏం పని?"

దుర్గవ్వ మొఖం చిన్నగైంది. నిన్నటి చప్పట్లు ఇంక చెవులల్లనే ఉన్నయ్.

"నిజంగనే తీసేసిన్రా సార్?"

"తీసేసిన. ఇగ గోడ లేదు."

"అయితే మంచిదే."

చేతిల ఉన్న చీపురు గోడకు ఆనిచ్చింది. కాళ్లు కడుక్కున్నది. గడప దాటి, నడింట్ల నుంచి పోయి, టేబుల్ కాడ కుర్సీ గుంజుకోని కూసున్నది. చాయ్ పోస్తున్న సారు భార్య నీల బిత్తరపోయింది. దుర్గవ్వను చూసింది, బయట నిలవడ్డ మొగన్ని చూసింది. తర్వాత అరలకెళ్లి ఇంకో కప్పు తీసి, అండ్ల చాయ్ పోసి దుర్గవ్వ ముందట పెట్టింది.

"రాండ్రి సార్, చాయ్ సల్లారుతది" అని పిలిచింది దుర్గవ్వ లోపటి నుంచి.

సారు గడప దాక వచ్చిండు. ఆమె ఎదురుంగ కుర్సీ కాలీగనే ఉన్నది.

"టెంట్ల సమానత్వం మీద నా ప్రసంగమున్నది, ఆలస్యమైతుంది" అని, చాయ్ తాగకుండనే చెప్పులేసుకోని బయటవడ్డడు.